క్వారీ దుమ్ము, మల్బరీ ఆకు: చిత్తూరు పడమటి మండలాల్లో ఒక ఊరి కేసు

క్వారీ పక్కనున్న ఏ ఊరికి పోయినా ముందు గోడ చూపిస్తారు. బ్లాస్టింగ్‌కి నెర్ర విచ్చిన గోడ, జారిన పెంకులు, తలుపు పట్టని దర్వాజా. మేం కూడా ముందు వాటికే ఫొటోలు తీస్తాం, ఎందుకంటే అవి ఫొటోలో బాగా పడతాయి, మీటింగులో చూపించడానికి తేలిక. ఈ ఊళ్లో కూడా అలాగే మొదలైంది. కానీ చివరికి అధికారుల ముందు నిలబడిన సాక్ష్యం పట్టుపురుగులు వదిలేసిన మల్బరీ ఆకు, దాని వెనకున్న మార్కెట్ చీటీలు. గోడల గురించి రాసిన పేజీలన్నీ ఫైల్లోనే ఉండిపోయాయి.

నేను పలమనేరు, వి.కోట, కుప్పం వైపు పల్లెల్లో భూమి, కూలి సమస్యల మీద పనిచేసే చిన్న బృందంలో ఫీల్డ్ వర్కర్‌ని. ఇలాంటి పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "ఏం కాగితాలు తీసుకుపోవాలి సార్?" వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నా. ఊరి పేరు, మనుషుల పేర్లు, క్వారీ పేరు రాయను. అక్కడివాళ్లు రోజూ ఆ టిప్పర్ల పక్కనే నడవాలి.

ఊరు, గుట్ట

కుప్పం చుట్టుపక్కల రాయి సంగతి అందరికీ తెలిసిందే, కుప్పం గ్రీన్ అనే గ్రానైట్ రకానికి పేరు వచ్చిందే ఈ నేల మీద నుంచి. గనుల అనుభవం కూడా ఇక్కడివాళ్లకి కొత్తేం కాదు. గుడుపల్లె మండలం చిగరగుంటలో బంగారు గని నడిచేది, 2001లో కేజీఎఫ్‌తో పాటు అదీ మూతపడింది. మన దేశంలో సిలికోసిస్ జబ్బు మొదట నమోదైంది కూడా ఆ కోలారు బంగారు గనుల్లోనే. అంటే రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో తెలిసి ఎన్నో దశాబ్దాలు అవుతోంది, అదీ మనకి కూతవేటు దూరంలో. అయినా ఈ రోజుకీ గుట్ట మీద డ్రిల్ కొట్టేవాడి ముక్కుకి తువ్వాలే దిక్కు.

ఈ ఊరి గుట్ట రెవెన్యూ రికార్డులో పోరంబోకు. ఊరి మేకలన్నీ అక్కడే మేసేవి, వంటచెరకు, చీపుర్లు, సీతాఫలాలు అక్కడ నుంచే. దాని మీద మూడు లీజులు వచ్చాయి. రెండు బ్లాక్ రాయి (పెద్ద దిమ్మెలుగా తీసే గ్రానైట్) క్వారీలు, ఒకటి కంకర క్వారీ, దాని కింద క్రషర్. మూడూ విడివిడిగా ఐదు హెక్టార్ల లోపే. ఇలా ముక్కలు చేయడం వెనక చరిత్ర ఉంది. ఐదు హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల లీజులకి కూడా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2016లో పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ మార్చినప్పుడు, ఒకే రకం ఖనిజం ఉన్నచోట లీజుల అంచుల మధ్య దూరం 500 మీటర్ల లోపు ఉంటే వాటిని ఒక క్లస్టర్‌గా కలిపి చూడాలని పెట్టారు. కాబట్టి ఎవరైనా "మాది చిన్న లీజు" అంటే వెంటనే పక్క లీజుల మ్యాప్ అడగండి.

ఇంకో సంగతి. బ్లాక్ క్వారీకీ కంకర క్వారీకీ తేడా తెలియకుండా ఫిర్యాదు రాస్తే మొదటి మీటింగులోనే దెబ్బ తింటాం. బ్లాక్ కోసం రాయి తీసేవాడు గట్టిగా పేల్చడు, పేలిస్తే బ్లాకు నెర్రలిచ్చి ధర పోతుంది. వాళ్లు వైర్ సాతో (తీగ రంపంతో) కోస్తారు, జాక్‌హామర్‌తో వరసగా బెజ్జాలు కొట్టి విడగొడతారు. అక్కడ అసలు సమస్య డ్రిల్లింగ్ దుమ్ము, పనికిరాని రాయి పోసే డంపులు. పేలుళ్లు, క్రషర్, రోజంతా టిప్పర్లు, ఇవి కంకర క్వారీవి. రెండూ కలిపి "క్వారీవాళ్లు పేలుస్తున్నారు" అని రాశామా, బ్లాక్ క్వారీ మేనేజరు లేచి మేం పేల్చం సార్ అంటాడు, అది నిజమే కాబట్టి మిగతా ఫిర్యాదు అంతా అబద్ధంలా కనపడుతుంది.

ఊరు ఒక్క మాట మీద లేదు. పైపేటలో రెడ్లు, బోయలు, కొన్ని గౌడ కుటుంబాలు, వాళ్లకి మల్బరీ తోటలు, ఆవులు ఉన్నాయి. కింద ఎస్సీ కాలనీలో మగవాళ్లలో చాలామందికి క్వారీలోనే పని. ఇద్దరు ముగ్గురు అప్పు చేసి టిప్పర్లు తీసుకున్నారు, వాటి ఈఎంఐ క్వారీ నడిస్తేనే కట్టగలరు. మొదట్లో మేం పిలిచిన మీటింగుకి కాలనీ నుంచి ఎవరూ రాలేదు. వచ్చిన ఒక్క అబ్బాయి మొహం మీదే అడిగాడు: "అన్నా, మీరు క్వారీ నిలిపేసి పోతారు, మాకు మళ్లీ బెంగుళూరు బస్సేనా?" ఆ ప్రశ్నకి జవాబు లేకుండా ఈ కేసు ఒక్క అడుగు కూడా కదిలేది కాదు.

ఆకు

పట్టు పెంచనివాళ్లకి కొంచెం చెప్పాలి. చాకీ సెంటర్ (గుడ్లు పొదిగించి పురుగుల్ని మొదటి రోజుల్లో పెంచి ఇచ్చే కేంద్రం) నుంచి చిన్న పురుగులు తెచ్చుకున్నాక రైతు చేతిలో అవి మూడు వారాలు కూడా ఉండవు. నాలుగో జ్వరం (పురుగు తిండి మాని చర్మం విడిచే దశ) లేచాక వారం రోజులు రాత్రీ పగలూ తింటాయి, మొత్తం తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లు పైన ఆ వారంలోనే. ఆ వారం ఆకు బాగుంటే గూడు గట్టిగా వస్తుంది, బాగోలేదా, పురుగు అన్నం పారేసిన పసిబిడ్డలా డీలా పడిపోతుంది. మామూలుగా వంద గుడ్లకి అరవై, డెబ్బై కిలోల గూళ్లు రావాలి. ఇక్కడ గుడ్డు అంటే ఒక తల్లి చిలుక పెట్టిన గుడ్ల గుంపు మొత్తం. రైతు లెక్క అంతా ఆ వంద గుడ్ల మీదే నడుస్తుంది.

టిప్పర్లు పోయే మట్టిరోడ్డు మల్బరీ తోటల మధ్య నుంచే ఉంది. మేత కోసం కొమ్మలు కోసేది తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందు. టిప్పర్లు లోడుకి బయల్దేరేదీ అప్పుడే. రాత్రి మంచుకి తడిసిన ఆకు మీద ఆ దుమ్ము పడితే విదిలిస్తే రాలదు, సన్నటి పూతలాగా అంటుకుంటుంది. రోడ్డు పక్క తోట ఉన్న ఒక అవ్వ షెడ్డులోకి తీసుకుపోయి చూపించింది. "చూడు నాయనా, ఆకు మీదికి ఎక్కుతాయి, తినవు. ఊరికే తల పైకెత్తుకోని ఉంటాయి." నిజంగానే అలా ఉన్నాయి, తట్టల నిండా.

మరి ఆకు కడిగి వేయొచ్చు కదా అని తిరుపతి నుంచి వచ్చిన ఒకాయన అడిగాడు. మంచి మనసుతోనే అడిగాడు, కానీ పట్టు గురించి తెలియనివాళ్లందరూ ఇదే అంటారు కాబట్టి చెబుతున్నా. తడి ఆకు పురుగుకి పెట్టకూడదు. తడి ఆకు తింటే పారుడు పట్టి మెత్తబడి చస్తాయి, షెడ్డులో తేమ పెరిగితే సున్నంకట్టు రోగం వస్తుంది. కడిగిన కొమ్మల్ని నీడలో ఆరబెట్టి వేయాలంటే ఆ చివరి వారంలో బండ్లకొద్దీ కొమ్మలు కావాలి, ఎక్కడ ఆరబెడతారు, ఎంతమంది కూలీలు? ఆరేలోపు ఆకు వాడిపోతుంది. అంటే దుమ్ము ఆకు వేస్తే పురుగు తినదు, కడిగి వేస్తే రోగం. రోడ్డు పక్క తోటలవాళ్లు చేసింది ఒక్కటే, పంటలు తగ్గించుకున్నారు. ఏడాదంతా వరసగా పెట్టేవాళ్లు వానాకాలంలో మాత్రమే పెట్టడం మొదలుపెట్టారు, వాన దుమ్ము కడిగేస్తుందని.

ఇక్కడే కాలనీ సంగతి ముడిపడింది. కొమ్మలు కోసేది, మేత వేసేది, చంద్రికల (పురుగులు గూడు కట్టే తట్టల) మీదికి పురుగుల్ని ఏరి వేసేది, గూళ్లు విడిపించేది కాలనీ ఆడవాళ్లు. పెద్దోళ్ల పంట నష్టం అని మగవాళ్లు పట్టించుకోని విషయం ఆడవాళ్లకి కూలి రోజులుగా పోతోంది. క్వారీలో మగవాడికి వచ్చే కూలి పెరిగిందని అందరూ చెబుతున్నారు, ఇంటి మొత్తానికి వచ్చేది ఎంత అని ఎవరూ కూడలేదు. మేం పది, పన్నెండు ఇళ్లలో ఆడవాళ్లతో కూర్చుని, లేపాక్షి నోటుబుక్కుల్లో కిందటేడు, అంతకుముందేడు ఏ నెలలో ఎవరి తోటలో ఎన్ని రోజులు పోయారో రాయించాం. వాళ్లకి పండగలు, పంటల గుర్తులతో అన్నీ కచ్చితంగా జ్ఞాపకం ఉన్నాయి. ఆ లెక్క విన్నాక కాలనీవాళ్లు మీటింగుకి వచ్చారు. క్వారీ మూసేయమనడం మా డిమాండ్ కాదు, నిబంధనలు పాటించి నడపమనడమే అని ఆ రోజు అందరి ముందు తీర్మానం రాసుకున్నాం.

కాగితం ఎక్కడ ఉంది

రైతు నష్టం నోటితో చెబితే ఏ ఆఫీసులోనూ వినరు. కానీ పట్టురైతు దగ్గర కాగితం ఉంటుంది, అది సాక్ష్యం అని అతనికే తెలియదు. చాకీ సెంటర్ బిల్లులో ఎన్ని గుడ్లు, ఏ తేదీ అన్నది ఉంటుంది. పట్టుగూళ్ల మార్కెట్ చీటీలో ఎన్ని కిలోలు, ఏ ధర, ఏ తేదీ ఉంటుంది. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే వంద గుడ్లకి ఎంత వచ్చిందో తేలుతుంది, అది కూడా బయటివాళ్లు రాసిచ్చిన కాగితం మీద. గోడ సందుల్లో, పాల డబ్బాల్లో, దేవుడి పటం వెనక నుంచి చీటీలు తీశారు. కొందరు కుప్పం, పలమనేరులో కాకుండా శిడ్లఘట్టలో అమ్మారు, ఆ చీటీలు కన్నడంలో ఉంటే ఊళ్లోనే కన్నడం చదివే కోడలు ఒకామె కూర్చుని రాసిపెట్టింది.

పంట పోవడానికి కారణాలు బోలెడు ఉంటాయి: గుడ్ల నాణ్యత, ఎండ, రోగం. క్వారీవాళ్లు అదే అంటారని తెలుసు. అందుకే పట్టుశాఖలో చేసి రిటైరైన ఒక పెద్దాయన సలహా మీద, ఒకే చాకీ బ్యాచ్, ఒకే తేదీన పురుగులు తెచ్చుకున్న రైతుల్ని జతలుగా పెట్టాం. ఒకరి తోట టిప్పర్ రోడ్డు పక్కన, ఇంకొకరిది చెరువు అవతల. గుడ్లు ఒకటే, వాతావరణం ఒకటే, రకం ఒకటే. తేడా రోడ్డే. ఎండాకాలం పంటల్లో రోడ్డు పక్కవాళ్లకి గూళ్లు బాగా తక్కువ, వానాకాలంలో దాదాపు సమానం. నా మటుకు నాకు ఈ కేసులో అన్నిటికన్నా బలమైన ముక్క అదే. వానాకాలంలో తేడా మాయమైపోవడం చూశాక దుమ్ము కాదు అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

దానికి తోడు రోడ్డు పక్క తోటలోవి, చెరువు అవతల తోటలోవి ఆకులు కోసి, లెక్కపెట్టి, మంచినీళ్లలో కడిగి, ఆ నీళ్లు వడగట్టి, మిగిలిన దుమ్ము ఆరబెట్టి బంగారం తూచే కాటా మీద తూచాం. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, దాన్ని ల్యాబ్ పరీక్షలాగా చూపించనూ లేదు. ఆ పొట్లాలు రెండూ పక్కపక్కన బల్ల మీద పెడితే చాలు. ఒక హెచ్చరిక, ఇలాంటివి చేసేటప్పుడు ఊరివాళ్ల ముందే చేయండి, తేదీ, సర్వే నంబరు, సాక్షుల సంతకాలు పొట్లం మీదే రాయించండి.

పాల చీటీలు కూడా తీశాం, కానీ మేత మార్పు, ఈత సమయం అన్నీ కలిసిపోయి ఏమీ తేలలేదు. వదిలేశాం.

నీళ్ల విషయం ఊరివాళ్లకి అన్నిటికంటే ఎక్కువ బాధ. గుంత లోతు పెరిగాక బోర్లు ఎండాయని అందరూ అంటారు, అందులో నిజం ఉండే అవకాశం కూడా ఉంది: రాతి నేలలో నీళ్లుండేది పగుళ్లలోనే, నీటిమట్టం కిందికి తవ్వితే చుట్టూ ఉన్న పగుళ్ల నీళ్లు గుంతలోకి దిగుతాయి, వాటిని మోటారు పెట్టి బయటికి తోడేస్తారు. కానీ క్వారీ రాకముందు నీటిమట్టం ఎంతో ఎవరూ కొలవలేదు, పైగా 2021 నవంబరు వానలకి జిల్లా అంతా బోర్లు పొంగాయి, తర్వాత తగ్గాయి. వానది ఎంత, గుంతది ఎంత అని విడదీసి చెప్పలేం. ఊరివాళ్లు కోపం తెచ్చుకున్నా నీళ్ల ఆరోపణని ఫిర్యాదులోంచి తీసి, కొలిచే పని పెట్టమని విడిగా అడిగాం.

గోడల సంగతీ అంతే. గని భద్రత డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం మామూలు ఇళ్ల దగ్గర కంపనం తక్కువ ఫ్రీక్వెన్సీలో సెకనుకి 5 మిల్లీమీటర్లు దాటకూడదు. కొలిచే యంత్రం తెచ్చిన రోజు పేలుడు చిన్నదే పెడతారు, అది అందరికీ తెలుసు. మట్టి గోడ ముందు నుంచీ పగిలి ఉందనడం కూడా తేలికే. మేం పగుళ్ల మీద సన్నగా సిమెంటు పట్టీ వేసి తేదీ రాయించాం, పట్టీ మళ్లీ చీలితే పగులు కదులుతున్నట్టు. కొన్ని చీలాయి. పేలుడు తేదీల రిజిస్టరు చేతికి రాకపోవడంతో దాన్ని ముందుకి తీసుకుపోలేకపోయాం.

ఊపిరి

కాలనీలో ఒకతను చిన్న వయసు నుంచీ జాక్‌హామర్ పని చేస్తున్నాడు. ఇప్పుడు నలభై దాటలేదు, మిట్ట ఎక్కితే మధ్యలో కూర్చుండిపోతాడు. రెండుసార్లు టీబీ మందులు వాడించారు, కళ్లెలో టీబీ ఎప్పుడూ కనపడలేదు. తిరుపతిలో ఛాతీ డాక్టరు ఎక్స్‌రే చూసి "ఏం పని చేస్తావు నువ్వు?" అని అడిగేదాకా ఎవరూ ఆ మాట అడగలేదు. అంతకుముందు ఓపీ చీటీలన్నిట్లో "కూలి" అనే ఉంది.

సిలికోసిస్‌కి మందు లేదు. సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ తేలిగ్గా అంటుకుంటుంది కూడా, కాబట్టి టీబీ మందులు ఇవ్వడమే తప్పని అనకూడదు. కానీ జబ్బు పేరు కాగితం మీద పడకపోతే నష్టపరిహారం అనే మాటే పుట్టదు. అప్పటికి అమల్లో ఉన్న గనుల చట్టం 1952 ప్రకారం సిలికోసిస్ కనపడితే యాజమాన్యమూ, చూసిన డాక్టరూ తెలియజేయాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో కూడా అది పనివల్ల వచ్చే జబ్బుల జాబితాలో ఉండేది. గనుల్లో చేసేవాళ్లకి అప్పట్లో ఈఎస్ఐ వర్తించేది కాదు కాబట్టి ఆ దారే మిగిలింది.

అక్కడ అడ్డం వచ్చింది పని చేసినట్టు రుజువు. మస్టరులో పేరు లేదు. కూలి డబ్బులు మేస్త్రీ ఇచ్చేవాడు. చివరికి దొరికింది ఏంటంటే, కరోనా తర్వాత నుంచి మేస్త్రీ ఫోన్‌పేలో వేసిన డబ్బుల వివరం, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వరసగా, దాదాపు వారం వారం. అంతకుముందువి కంప్రెసర్ యజమాని చిన్న డైరీలో ఉన్నాయి, అది అతనే బయటపెట్టాడు, మంచి మనిషి. క్వారీ పని చేసే ఎవరికైనా ఇప్పుడు మేం చెప్పేది రెండే మాటలు: కూలి డబ్బులు ఫోన్లోకే వేయించుకో, ఆసుపత్రికి పోతే "రాయికి బెజ్జాలు కొడతాను, నీళ్లు పోయకుండా, ఇన్నేళ్ల నుంచి" అని చెప్పి చీటీ మీద రాయించుకో.

మీటింగు, తర్వాత

అధికారుల ముందుకు పోయేముందు మేం సంపాదించిన అసలు ఆయుధం క్వారీ, క్రషర్ అనుమతి పత్రాలు. పర్యావరణ అనుమతులు కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్లో దొరుకుతాయి, మిగతావి సమాచార హక్కు చట్టం కింద తెచ్చుకున్నాం. రోడ్డు మీద నీళ్లు చల్లాలి, టిప్పర్‌కి టార్పాలిన్ కప్పాలి, క్రషర్ చుట్టూ రేకులు, నీళ్ల స్ప్రేలు ఉండాలి, తడి డ్రిల్లింగ్ చేయాలి, ఆర్నెల్లకోసారి పాటించినట్టు రిపోర్టు పంపాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. క్రషర్ యంత్రాల దగ్గర 3 నుంచి 10 మీటర్ల దూరంలో గాలిలో దుమ్ము ఘనపు మీటరుకి 600 మైక్రోగ్రాములు దాటకూడదన్న నిబంధన కూడా ఉంది. మేం కొత్తగా ఏదీ కోరలేదు, వాళ్లు సంతకం పెట్టినవే వరసగా చదివాం. చదివింది కాలనీ అమ్మాయి, డిగ్రీ చదువుతోంది.

సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ మీద చాలా నెలల తర్వాత ఉమ్మడి తనిఖీ జరిగింది. క్వారీ మేనేజరు మాట్లాడింది గోడల గురించే, దానికి సిద్ధమై వచ్చాడు. మార్కెట్ చీటీల జతలు బల్ల మీద పెట్టాక మాట మారింది. టిప్పర్లు గుట్ట వెనక బండిబాట మీదుగా పోవాలి, బాట క్వారీయే వేసుకోవాలి, అంతవరకు పొద్దున కొమ్మ కోసే సమయంలో టిప్పర్లు నడవకూడదు, రోజూ ట్యాంకరుతో నీళ్లు చల్లాలి అని రాసిచ్చారు. టిప్పర్లున్న ఇద్దరు కూడా ఒప్పుకున్నారు, వాళ్లకి ట్రిప్పులు తగ్గవని తేలాక.

బాట పడింది. క్రషర్‌కి రేకులు సగమే కట్టారు. ట్యాంకరు మొదటి రెండు నెలలు క్రమంగా వచ్చింది, తర్వాత ఎవరైనా ఫోన్ చేస్తేనే వస్తోంది. రోడ్డు పక్క రైతుల్లో కొందరు మళ్లీ ఎండాకాలం పంట పెట్టారు, గూళ్లు బాగా వచ్చాయి. పోయిన పంటలకి డబ్బు మాత్రం రాలేదు. దానికి చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లే ఆలోచన ఉంది. పరిహారం అడగడానికి ఆ ట్రిబ్యునల్ 2010 చట్టంలో ఐదేళ్ల గడువు ఉంది, మామూలు వివాదమైతే ఆర్నెల్లే, ఈ తేడా చూసుకోండి. జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధుల్లోంచి తాగునీటి పథకం, బోర్ల నీటిమట్టం కొలిచే ఏర్పాటు అడుగుతూ పంచాయతీ తీర్మానం పంపింది, జవాబు రాలేదు. డ్రిల్లర్ పరిహారం కేసు వాయిదాల్లో ఉంది. అతని భార్య ఇప్పుడు చెరువు అవతల తోటల్లో మేతకి పోతోంది, ఇల్లు ఆ కూలి మీదే నడుస్తోంది.

పక్క మండలంలో ఇంకో గుట్టకి లీజు దరఖాస్తు పడిందని తెలిసింది. అక్కడ ఇంకా ఒక్క రాయి కదల్లేదు. బోర్లలో నీటిమట్టం ప్రతి అమావాస్యకి కొలిచి రాయిస్తున్నాం, పట్టురైతుల చీటీలు ఫొటోలు తీసి పెడుతున్నాం, గుట్ట మీద మేసే మందలు ఎన్నో పేర్లతో సహా రాస్తున్నాం. ఎవరి దగ్గరైనా నీటిమట్టం కొలిచే టేపు స్పేర్‌గా ఉంటే చెప్పండి, మాది తెగిపోయింది.